తెడ్డు చూపిన వైపు

కమాండరు జెనన్ తెడ్డు నిలువుగా ఎత్తాడు. "ఇది నది మధ్యలోంచి రమ్మని." అడ్డంగా పట్టుకున్నాడు. "ఇది ఉన్నచోటే ఆగమని." తర్వాత ఎడమకి వాల్చాడు. "ఇది ఎడమ నుంచి రమ్మని. బాగా వినండి. కమాండరు తెడ్డు ఎటు వాలితే అటు దారి ఉన్నట్టు. ప్రమాదం ఎక్కడుందో తెడ్డు చూపించదు. దారి ఎక్కడుందో చూపిస్తుంది. వేలితో కూడా ప్రమాదం వైపు చూపించకూడదు. దూరం నుంచి చూసేవాడికి నువ్వు రమ్మంటున్నావో వద్దంటున్నావో తెలీదు."

ద్రావా నది ఒడ్డున ఇసుకలో నిలబడి పడవల క్లబ్బు జనమంతా విన్నారు. సగంమంది ఏటా వింటున్నదే. వెనక వరసలో గుస్తావ్ పెదాలు కదుపుతూ కమాండరుతో పాటు అదే అప్పజెబుతున్నాడు. పక్కనున్న అతని భార్య ఇర్మా మోచేత్తో పొడిచింది.

జెనన్ భార్య యద్విగా ఆ గుంపులో లేదు. నీటి అంచున తమ రెండు సీట్ల కయాక్ పడవలో ముందు సీటులో చేరిన రాత్రి వాన నీళ్ళు స్పంజితో తోడుతోంది. స్పంజి ముంచి, పక్కకి తిప్పి, పిండి, మళ్ళీ ముంచి. ముందు సీటు ఆమెది. వెనక సీటు జెనన్‌ది. ఆ పడవను ఎవరూ దాటి ముందుకు వెళ్ళకూడదు. గుస్తావ్, ఇర్మాల పడవ అందరికన్నా చివర. దాని వెనక ఎవరూ ఉండిపోకూడదు. ఆ రెండింటి మధ్యే మిగతా అందరి ప్రయాణం.

జతలు చూస్తూ జెనన్ కొత్తవాళ్ళ దగ్గర ఆగాడు. ఇద్దరు ఆడవాళ్ళు. సిల్వియాకి ఊళ్ళో జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. ఎవెలీనా ఆమె తమ్ముడి భార్య, అదే దుకాణంలో పనిచేస్తుంది. వెనక ఎవరని జెనన్ అడిగాడు. తనేనంది ఎవెలీనా. క్లబ్బులో బరువైనవాళ్ళు వెనక కూర్చుంటారని అతను అన్నాడు.

"బరువు సంగతి అడక్కండి కమాండరు గారూ," అంది సిల్వియా. "మేమిద్దరం ఒకే జాకెట్టు మార్చి మార్చి తొడుక్కుంటాం."

నవ్వారు. జెనన్ నవ్వలేదు. ఎవెలీనా లైఫ్ జాకెట్ మీద వదులుగా వేలాడుతున్న పట్టీని తెడ్డు కొసతో చూపించాడు. సిల్వియా చెప్పుల్ని చూపించాడు. నీళ్ళ సీసా కట్టని తాడుని చూపించాడు. మొన్న వసంతంలో రిటైరయ్యేదాకా అతను కిటికీల ఫ్యాక్టరీలో వరస చివర నిలబడి, లోపమున్న చట్రాల మీద పసుపు సుద్దతో గీత పెట్టేవాడు. సుద్దముక్క ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది.

"నా వెనకే రండి," అన్నాడు వాళ్ళతో. "నా కళ్ళ ముందు ఉండండి."

"వెనకా, కళ్ళ ముందా?" అన్నాడు గుస్తావ్, ఇర్మాకి మాత్రమే వినపడేట్టు.

వెనకవాడి తెడ్డు లేచినప్పుడల్లా దాని రెక్క మీది నీళ్ళు ముందున్న మనిషి మీద పడతాయి. మామూలుగా తెడ్డు వేస్తే నాలుగు చుక్కలు. సైగ కోసం ఎత్తి వాలిస్తే ధార. అందుకే యద్విగా ఎండాకాలంలో కూడా రెయిన్‌కోటు తొడుక్కుంటుంది. క్లబ్బులో ఆమెని బట్టలారేసే తీగ అంటారు. ఆ రోజు మధ్యాహ్నానికి ఉక్క పెరిగింది. రెయిన్‌కోటు విప్పి పాదాల దగ్గర పెట్టుకుంది.

భోజనాల తర్వాత నది ఇరుకైంది. రెండు వైపులా అడవి గట్టుదాకా వచ్చింది. ఒక మలుపు తిరగ్గానే కుడిగట్టు నుంచి దేవదారు చెట్టొకటి నీళ్ళలోకి పడి ఉంది. కొమ్మలు నది సగందాకా ఉన్నాయి. నీరు దాని కిందకే లాగుతోంది. ఎడమవైపు రెండు పడవలు పట్టేంత ఖాళీ. ఎడమ, అని జెనన్ వెనకనుంచి చెప్పాడు. యద్విగా కుడివైపు గట్టిగా లాగింది. పడవ ముక్కు ఎడమకి తిరిగింది.

"చూడు ఎంత దగ్గరికొచ్చిందో," అన్నాడు జెనన్. ఎవెలీనా పడవ గురించి. "అంత దగ్గరగా రావద్దని చెప్పానా లేదా. చూడు, అక్కడ చెట్టుంది, చూడు."

యద్విగా కుడిచేతి మీద భుజం నుంచి మోచేతిదాకా నీళ్ళు పడ్డాయి. చల్లగా. ఆమె మోచెయ్యి తొడకి రాసుకుని తెడ్డు వేసింది. చెట్టు పక్కనుంచి వెళ్ళిపోయారు.

తర్వాత వెనక ప్లాస్టిక్ కర్రకి కొట్టుకున్న చప్పుడు.

గుస్తావ్ వచ్చేసరికి కయాక్ చెట్టుకి అడ్డంగా అతుక్కుపోయి నీళ్ళు నిండుతోంది. ఎవెలీనా కొమ్మ పట్టుకుని నడుంలోతులో నిలబడింది. సిల్వియా కుడిచెయ్యి పడవకీ దుంగకీ మధ్య ఉంది. ఆమె కేక పెట్టడం లేదు. ఎవెలీనా భుజంతో పడవని నెడుతోంది. అది కదలడం లేదు. గుస్తావ్ తాడు విసిరాడు. నలుగురు పట్టి ఎగువకి లాగితే పడవ ఒక జాన కదిలింది. చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు దగ్గర అది వేరేవాళ్ళ చెయ్యిలా వంగి ఉంది.

జెనన్ గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. యద్విగా అతని వెనక.

"ఎడమకని చూపించాను," అన్నాడు.

ఎవెలీనా తల ఎత్తింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "కుడికి వాల్చినట్టు..."

"కుడికా? చెట్టు మీదికా? నేనా?"

తెడ్డు వాలినప్పుడు మిగతా పడవలన్నీ ఇంకా మలుపు వెనకే ఉన్నాయి. ఆ సైగ చూసినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు చెట్టునీ, ఎడమవైపు ఖాళీనీ, వెనక సీటులో కూర్చున్న ఆడమనిషినీ చూశారు.

మకాం దగ్గరే ఉంది కాబట్టి క్లబ్బు వ్యాను అడవిదారిలో అక్కడిదాకా రాగలిగింది. సిల్వియాతో ఇర్మా ఎక్కింది. ఆసుపత్రి వేరే ఊళ్ళో. వ్యాను ఇక చివరి రేవుకే వస్తుందని, అక్కడే అందరినీ కలుస్తుందని జెనన్ చెప్పాడు. తలుపు వేస్తుంటే సిల్వియా ఎడమచేత్తో ఎవెలీనా చెంప తట్టి, దుకాణం తాళాలు నీ దగ్గరే ఉన్నాయి కదా, అని అడిగింది.

సాయంత్రం ఎండ ఉండగానే సూప్ కాచారు. క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. నీళ్ళలో బోల్తాపడినవాళ్ళ మెడలో విరిగిన తెడ్డు రెక్క వేస్తారు. పసుపుపచ్చ ప్లాస్టిక్ రెక్క, పైన చిల్లు, చిల్లులో తాడు. ప్రయాణం అయ్యేదాకా తియ్యకూడదు, సూప్ వరసలో కూడా. కిందటేడు గుస్తావ్ దాన్ని వేసుకుని నాట్యం చేశాడు. యద్విగా మెడలోనూ ఒకసారి పడింది, గట్టు మీంచి జారినందుకు. జెనన్ మెడలో ఎన్నడూ పడలేదు.

అతను రెక్క పట్టుకుని ఎవెలీనా ముందుకి వచ్చాడు. ఏటా ఈ సమయంలో ఎవరో ఒకరు గిన్నె మీద గరిటెతో వాయిస్తారు. ఈసారి గరిటె కదల్లేదు.

"వెనక సీటు ఆడుకోడానికి కాదమ్మా," అన్నాడు జెనన్.

ఎవెలీనా తల వంచింది. అతను తాడు వేశాడు. తడిసిన జుట్టు తాడు కింద చిక్కుకుంటే ఆమే లాగి సరిచేసుకుంది.

యద్విగా నీటి దగ్గర సూప్ గిన్నె ఇసుకతో తోముతుంటే ఎవెలీనా వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. గరిటె తీసుకుని తోమడం మొదలుపెట్టింది. వంగినప్పుడల్లా రెక్క గిన్నెకి తగిలి చప్పుడవుతోంది. దాన్ని వీపు వైపుకి తిప్పుకుంది.

"మా అత్త ఫోన్ చేసింది," అంది. "ఎటు చూస్తూ నడిపావు, నా కూతురి చెయ్యి విరగ్గొట్టావు అంది. కత్తెర పట్టుకునే చెయ్యి."

యద్విగా గిన్నె తిప్పింది.

"కుడికి వాలినట్టే అనిపించింది నాకు. చెట్టు కనపడుతూనే ఉంది. చెట్టున్న వైపు ఎందుకు రమ్మంటున్నాడా అనుకున్నా. కానీ కమాండరు కదా. దాని కింద నాకు తెలీని దారేదో ఉందేమో అనుకున్నా." గరిటె కడిగి మళ్ళీ ఇసుకలో పెట్టింది. "సిల్వియా తల వంచుకుని తెడ్డు వేస్తోంది, చూడలేదు. మీరు ముందే ఉన్నారు. మీరు చూశారా, యద్విగా గారూ?"

"నేను ముందు కూర్చుంటానమ్మా," అంది యద్విగా. "వెనక ఏం జరుగుతుందో నాకు కనపడదు."

"అవును కదా." ఎవెలీనా తల ఊపింది. "నేనే తప్పు చూసుంటాను."

గరిటె శుభ్రంగా ఉంది. అయినా ఇంకాసేపు తోమి, ఇచ్చి వెళ్ళిపోయింది.

జెనన్ డేరా బిగిస్తున్నాడు. యద్విగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ తిరిగి ఒకదాని దగ్గర ఆగి, ఆ మేకు చూడు, అన్నాడు. అది వంకరగా దిగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పీకింది.

"ఆ చెట్టు దగ్గర తెడ్డు ఎటు వాల్చావు?"

"ఎడమకి."

"నీళ్ళు నా కుడిచేతి మీద పడ్డాయి."

"నది మీద నీళ్ళు పడక నిప్పులు పడతాయా?"

"భుజం నుంచి మోచేతిదాకా పడ్డాయి, జెనన్."

"నీకేమైనా వీపున కళ్ళున్నాయా?" అతను సుత్తి అందించాడు. గొంతు పెంచలేదు. "ఎప్పట్నుంచి నేర్పుతున్నాను ఈ సైగలు? నేను చెట్టు మీదికి చూపిస్తానా? నువ్వే చెప్పు, చూపిస్తానా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆమె మేకు సరిచేసి కొట్టింది. అతను ఒంగి చూసి, తర్వాతి మేకు దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు ఎవెలీనా పడవలో ముందు సీటు ఖాళీ. ఆమెని వ్యానులో పంపేద్దామన్నాడు జెనన్. వ్యాను లేదు. ఆ సాయంత్రం ఆగాల్సిన రేవుదాకా రోడ్డూ లేదు. తను తెడ్డు వేస్తానని ఎవెలీనా చెప్పింది. అయితే నా వెనకే, అన్నాడు జెనన్. పడవ ముక్కు లేవకుండా ముందు సీటులో బంగాళదుంపల బస్తా పెట్టి దాని మీద సూప్ గిన్నె తాడుతో కట్టారు.

"మంచి జోడీ," అన్నాడు గుస్తావ్. అతని ముందు సీటు కూడా ఖాళీయే. "గిన్నె ఎదురు మాట్లాడదు."

ఎవెలీనా కొంచెం నవ్వింది. మెడలో రెక్క లైఫ్ జాకెట్ మీద అటూ ఇటూ కొట్టుకుంది.

యద్విగా రెయిన్‌కోటు తొడుక్కోలేదు. చొక్కా చేతులు రెండూ భుజాలదాకా మడిచింది. ఎండకి మాడిపోతావు అన్నాడు జెనన్. ఫర్వాలేదంది.

ఆ పగలంతా ఆమె నదిని చూడలేదు, తన చేతుల్ని చూసుకుంది. మొదటి మలుపులో రాళ్ళు కుడివైపు. నీళ్ళు ఎడమచేతి మీద పడ్డాయి. సరైన సైగే. తర్వాతి మలుపులోనూ సరైనదే. ఆమె ఊపిరి వదిలింది. నది వెడల్పై చెరువులా పరుచుకున్నచోట ఎడమవైపు నీళ్ళలో ఎవరో జాలరి వదిలేసిన గుంజ ఉంది. ఎవడు పాతాడో చూడు, పీక్కుపోవాలన్న జ్ఞానం ఉండదు, అన్నాడు జెనన్. నీళ్ళు ఎడమచేతి మీద పడ్డాయి. గుంజ వైపు. వెనక పడవలు చాలా దూరంలో ఉన్నాయి, చోటు చాలా ఉంది. ఏమీ కాలేదు.

ఆమె తడిచేతిని ఆరనిచ్చింది.

భోజనాలకి ముందు ఇంకోసారి అయింది. గట్టు మీద ఎవరో పారేసిన టైరు. దాన్ని చూపించాడు. తెడ్డు ఎత్తానన్న స్పృహ కూడా అతనికి లేదు. మాట్లాడుతూనే ఎత్తాడు, మాట్లాడుతూనే దించాడు. ఇంట్లో కూడా అంతే. కప్పు అంచున మరక, గుమ్మం దగ్గర వదులైన శీల, ఆమె చొక్కాకి లోపలికి మడతపడ్డ కాలరు. ముందు వేలు వెళ్తుంది, తర్వాత మాట వస్తుంది. మనసు స్థిమితంగా ఉంటే తెడ్డు దారి చూపిస్తుంది. చిరాకేస్తే లోపం చూపిస్తుంది. ఆ చెట్టు దగ్గర అతను ఎవెలీనా మీద చిరాగ్గా ఉన్నాడు.

అతను అబద్ధం చెప్పడం లేదు. అబద్ధమైతే సులువుగా ఉండేది. నిజం అతనికీ తెలుసు కదా అని ఊరుకోవచ్చు. ఇక్కడ తెలిసినది ఆమెకి మాత్రమే. ఆమె వైపు నుంచి చూపించడానికి ఏమీ లేదు, ఆరిపోయే నీళ్ళు తప్ప.

ముందు సీటులోంచి వెనక్కి తిరగడం కుదరదు. తిరిగితే పడవ ఊగుతుంది, ఊగుతోంది చూడు అని వెనకనుంచి వస్తుంది. ముందు నీళ్ళు. రెండు పక్కలా అడవి. మోకాళ్ళు పడవ ప్లాస్టిక్ కప్పు కింద. వెనక అతను, అతని వెనక ఆ పిల్ల, ఆ పిల్ల మెడలో రెక్క. రెండ్రోజుల్లో ఇంటికి వెళ్తారు. రెండు గదులు, ఒక వంటిల్లు. ఇప్పుడతను ఫ్యాక్టరీకి వెళ్ళడు. పొద్దున లేచి సుద్దముక్క జేబులో వేసుకుని వంటింట్లో కూర్చుంటాడు. శీతాకాలమంతా అతను ఎదురుచూసేది ఈ నది కోసమే. నీళ్ళ మీద అతనికి ఇంకా ఒక పని ఉంది, నలుగురూ వినే మాట ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది ఆ వంటిల్లూ, ఎదురుగా ఆమే.

మధ్యాహ్నం అందరూ పందికొవ్వు పూసిన రొట్టె, ఉప్పులో ఊరిన దోసకాయలు తిన్నారు. ఎవెలీనా కాస్త దూరంగా కూర్చుని ఫోన్లో మాట్లాడింది. అవతలివాళ్ళే మాట్లాడారు. ఆమె అవును, నేనే, అవును అంటూ ఉంది. యద్విగా ఒక దోసకాయ ముక్క కాగితంలో పెట్టి తీసుకెళ్ళి పక్కన ఉంచింది. ఎవెలీనా తల ఊపింది. యద్విగా ఒక్క క్షణం నిలబడి తిరిగి వచ్చేసింది.

మూడో రోజు పొద్దున వాన పడింది. నీళ్ళు రంగు మారి వేగం పెరిగాయి. ఆ రోజు దారిలో పాత వంతెన ఉంది. పైన చెక్కలు ఎప్పుడో పోయాయి, నీళ్ళలో స్తంభాలు మాత్రం ఉన్నాయి. ఎడమ సందులోంచి పోవచ్చు. కుడి సందులో నీటి కింద విరిగిన మొద్దులూ వాటికి ఇనప మేకులూ ఉన్నాయి. పాతవాళ్ళందరికీ తెలుసు. ఎవెలీనాకి తెలీదు. బయల్దేరేముందు జెనన్ చెప్పాల్సింది. వానలో తడిసిన డేరాని ఎవరో సరిగ్గా మడవలేదని చెప్పడంలో అది పోయింది.

యద్విగా వానలో కూడా చొక్కా చేతులు మడుచుకునే కూర్చుంది. వాన చుక్కలు సన్నవి, గోరువెచ్చనివి. తెడ్డు నీళ్ళు వేరు. అవి నది లోపలి నుంచి వస్తాయి.

వంతెన కనపడింది. కుడి స్తంభానికి పెద్ద ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని నీళ్ళలో కొట్టుకుంటోంది.

"చూడు," అన్నాడు జెనన్. "చూడు ఏం పారేశారో. అడవిలో పారేశారు, నదిలోనూ పారేశారు. చూడు దాన్ని."

ఆమె కుడి మణికట్టు మీద నీళ్ళు పడ్డాయి. ధార కట్టి మోచేతిదాకా వచ్చాయి. ఆగలేదు. అంటే తెడ్డు అలాగే ఎత్తి ఉంది.

వెనక సూప్ గిన్నె మూత కదులుతున్న చప్పుడు వినపడింది. దగ్గరలోనే.

ముందు సీటువాళ్ళు తెడ్డు ఎత్తరు. ఎత్తితే చేతులు నొప్పెట్టి వదిలేశారని అర్థం. యద్విగా తెడ్డుని నీళ్ళలోంచి తీసి, రెండు చేతులతో తలపైకి ఎత్తి, ఎడమకి వాల్చింది. చేతులు చాచగలిగినంత వాల్చింది.

పడవలో ఇప్పుడు తెడ్డు వేసేవాళ్ళు లేరు. ముక్కు మెల్లిగా పక్కకి తిరగడం మొదలైంది.

"తెడ్డు దించు, యద్విగా."

ఆమె దించలేదు. ఆమె తెడ్డు నీళ్ళు ఆమె ఎడమచేతి మీదే కారుతున్నాయి. కుడిచేతి మీద అతనివి. రెండు చేతులూ తడిసిపోయాయి. స్తంభాల దగ్గర నీటి చప్పుడు పెరిగింది.

"పడవ తిరిగిపోతోంది. దించమన్నానా?"

"నువ్వు దించు," అంది.

కుడిచేతి మీద ధార చుక్కలైంది. చుక్కలు ఆగాయి. వెనక తెడ్డు నీళ్ళలో గట్టిగా పడింది. పడవ ఒక్కసారి కుదుపుతో తిన్నగా తిరిగి ఎడమ సందులోకి వెళ్ళింది. స్తంభం ఆమె మోచేతి పక్కనుంచి పోయింది. దాని మీది నాచు వాసన వచ్చింది. ఆమె తెడ్డు ఇంకా పైనే ఉంది. వంతెన దాటి, నీరు నెమ్మదించేదాకా దించలేదు.

వెనక ఏం జరుగుతుందో ఆమెకి కనపడదు. గిన్నె మూత చప్పుడు విన్నది. అది దగ్గరవుతోంది. ఎడమవైపు నుంచే వస్తోంది.

ఎవెలీనా పడవ పక్కకి వచ్చింది. ఆమె యద్విగా వైపు చూడలేదు, జెనన్ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి వంతెన కుడి సందుని చూస్తోంది. అక్కడ పట్టా కింద నీళ్ళు తగ్గి పెరిగినప్పుడల్లా నల్లటి మొద్దు ఒకటి పైకి తేలి మునుగుతోంది. మిగతా పడవలు ఒక్కొక్కటిగా ఎడమ నుంచి దిగాయి. చివర గుస్తావ్.

వంతెన దిగువన ఇసుక గట్టు ఉంది. ఎవరూ ఆగమనకుండానే అందరూ ఆగారు. ఫ్లాస్కులు తీశారు. టీ మూతల్లో పోసుకున్నారు. గుస్తావ్ పడవ లాగి, జెనన్ దగ్గరికి వచ్చాడు.

"ఒకే పడవలో ఇద్దరు కమాండర్లు కనపడ్డారు నాకు," అన్నాడు. "ముసలితనమేమో అనుకున్నా."

నవ్వడానికి సిద్ధమైనవాళ్ళు జెనన్ మొహం చూసి మానేశారు.

ఎవెలీనా గిన్నె కట్టిన తాడు విప్పుతోంది. విప్పడం ఆపింది. "ఆ రోజు కూడా," అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు.

యద్విగా లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి.

"ఆ రోజు నీళ్ళు నా కుడిచేతి మీద పడ్డాయి," అంది.

అక్కడున్నవాళ్ళలో ముందు సీటులో ఎప్పుడైనా కూర్చున్న ప్రతి ఒక్కరికీ దాని అర్థం తెలుసు. ఒకావిడ తన భుజం తడుముకుంది. గుస్తావ్ టీ తాగలేదు, పారబోయలేదు. ఎవెలీనా నిలబడే ఏడ్చింది. చప్పుడు లేకుండా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"నాకు ఆ రోజే తెలుసు," అంది యద్విగా ఆమెతో. "గిన్నె తోమేటప్పుడే."

ఎవెలీనా ఆమెని చూసింది. ఫర్వాలేదని అనలేదు.

జెనన్ తన తెడ్డుని చూసుకుంటున్నాడు. రెక్క మీది నీళ్ళు కిందికి జారి ఇసుకలో పడుతున్నాయి. దాన్ని మెల్లిగా కుడికి వాల్చాడు. చుక్కలు కుడివైపు పడ్డాయి. ఎడమకి వాల్చాడు. ఎడమవైపు పడ్డాయి.

"కుడిచేతి మీదా?" అన్నాడు.

"ఆ."

"ఇవాళ?"

"ఇవాళా కుడి మీదే. నిన్న గుంజ దగ్గర ఎడమ మీద. గుంజ ఎడమవైపే ఉంది."

గుస్తావ్ చాకు తీసి ఎవెలీనా మెడలో తాడు కోశాడు. తడిసిన ముడి విప్పితే రాదు. రెక్క చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని నిలబడ్డాడు.

"ఇటివ్వు," అన్నాడు జెనన్. తీసుకుని మెడలో వేసుకోలేదు. తన పడవ ముక్కులోకి, సామాను వెనక్కి తోసేశాడు. తర్వాత వెనక సీటులోంచి తన దిండు తీసి ముందు సీటులో వేశాడు. ముందు సీటులో ఉన్న రెయిన్‌కోటు తీసి యద్విగాకి అందించాడు.

"నువ్వు వెనక కూర్చో. నీళ్ళు ఎటు పడతాయో నేను చూస్తా."

అతని గొంతులో ఒప్పుకోలు లేదు. తప్పు పట్టడానికి కూర్చుంటున్నవాడి గొంతు అది. యద్విగా రెయిన్‌కోటు వద్దంది. అది అతనికే కావాల్సి వస్తుంది. అతను తీసుకోలేదు. ఆమె దాన్ని వెనక సీటు కింద పెట్టి కూర్చుంది. సీటు ఆమెకి లోతుగా ఉంది. కాళ్ళు పెట్టే చోట్లు అతని పొడవుకి సరిచేసి ఉన్నాయి. వంగి రెండూ దగ్గరికి జరిపింది. కిందినుంచి సుద్దముక్క ఒకటి దొరికింది. తీసి నీళ్ళలో పారెయ్యబోయి, జేబులో వేసుకుంది.

నీళ్ళ మీద అతని వీపు ఆమె ఎప్పుడూ చూడలేదు. మెడ సన్నగా ఉంది. లైఫ్ జాకెట్ పట్టీ ఒకటి మెలితిరిగి ఉంది. ఆమె చెప్పలేదు.

ఎవెలీనా పడవ వాళ్ళ వెనక వచ్చింది, సరైన దూరంలో. మిగతావి దాని వెనక.

మలుపు వచ్చింది. కుడిగట్టు కింద దుంగలు. ఎడమ, అంది యద్విగా. అతను ఒక క్షణం ఆగి కుడివైపు లాగాడు. ఆమె తెడ్డు ఎత్తి ఎడమకి వాల్చింది. నీళ్ళు జారి అతని ఎడమ భుజం మీద పడ్డాయి, చొక్కా చేతిదాకా పాకాయి. అతను దుంగల వైపు చూశాడు. తన చేతి వైపు చూశాడు.

"ఎడమ," అన్నాడు.

అతను చెయ్యి తుడుచుకోలేదు. తర్వాతి మలుపు కోసం అలాగే ఉంచుకున్నాడు.